థార్‌కి మైలేజ్ కిట్ అంటే నమ్మకండి, నేను 18,500 పోగొట్టుకున్నాను

విజయనగరంలో ఆఫ్‌రోడ్ బళ్ళకి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్లూ, ఇనప బంపర్లూ, పెద్ద టైర్లూ వేసే పెద్దమనిషి ఎవరో మన బళ్ళవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పేరు రాయను. రాస్తే రేపొద్దున్న వాడే నా మీద కేసు పెడతాడు, అంతటి ఘనుడు. నిన్న సాయంత్రం వాడి షాపులోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించట్లేదు. డబ్బు పోయిందన్న బాధ ఉంది, ఎందుకుండదు. కానీ వాడన్న మాటే చెవిలో గింగిరాలు తిరుగుతోంది.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. థార్ డీజిల్, మాన్యువల్ గేర్లు. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీసేసి 285/70 ఆర్17 మడ్ టైర్లు వేయించాను. లిఫ్ట్, ముందు ఇనప బంపరు, పైన క్యారియరు, దాని మీద లైట్ బారు, పార, జెర్రీ క్యాను. అన్నీ బిగించింది వాడే. ఆ తరవాత మైలేజ్ లీటరుకి తొమ్మిదికి పడిపోయింది. లీటరు డీజిల్ వందకి దగ్గర్లో ఉన్న రోజుల్లో శ్రీకాకుళం, రాజాం, సాలూరు అంటూ పని మీద తిరిగేవాడికి అదెంత దెబ్బో మీకు తెలుసు.

వాడినే అడిగాను. "దానికీ మందుంది సార్" అన్నాడు. అదే మైలేజ్ కిట్టు. స్టీరింగ్ కింద, మెకానిక్కులు స్కానర్ తగిలించి ఇంజిన్ లోపాలు చూసే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే చిన్న నల్ల డబ్బా. ఇంజిన్ కంప్యూటర్‌తో అది మాట్లాడుతుందట, రెండొందల కిలోమీటర్లలో మన డ్రైవింగ్ నేర్చేసుకుంటుందట, ఆ తరవాత ఎంత డీజిల్ కొట్టాలో ఇంజిన్‌కి అదే చెప్తుందట. నేను ఊరికే నమ్ముతానా? మహా తెలివైనవాణ్ణి కదా! "ముందు రోడ్డు మీద చూపించు, తరవాతే డబ్బు" అన్నాను. వాడికి కావలసిందీ అదే.

ఎండెక్కితే ట్రాఫిక్ పెరుగుతుందని పొద్దున్న ఆరింటికల్లా రమ్మన్నాడు. వెళ్ళేసరికి కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు. "వైరింగ్ చూడాలి సార్" అని పైన క్యారియరు దింపేశారు. సాకెట్ స్టీరింగ్ కింద ఉంటే బండి నెత్తి మీద వైరింగేటి నాయనా అని నాకు తట్టనే లేదు, ఎందుకంటే అల్లం టీ ఇచ్చారు. టీ తాగుతుండగా ఒకడు టైర్లకి గాలి కొడుతున్నాడు. పల్లెటూరి రోడ్ల గతుకులకి మెత్తగా ఉంటుందని నేను 26 పీఎస్ఐ దగ్గర ఉంచుకుంటాను. ఇంటికొచ్చాక కొలిస్తే నాలుగింటిలోనూ 38 ఉంది. అడక్కుండానే గాలి పెట్టారు, ఎంత మంచి సర్వీసో అని మురిసిపోయాను కూడా.

బంకులో ట్యాంకు నింపించాడు. గన్ కట్ అయ్యాక బండిని ఇటూ అటూ ఊపించి, మళ్ళీ పోయించి, మళ్ళీ ఊపించి, గొట్టం మెడ దగ్గర డీజిల్ కనబడేదాకా. "లెక్క కచ్చితంగా ఉండాలి కదా సార్" అన్నాడు. స్టీరింగ్ తనే పట్టాడు. నాతవలస దగ్గర హైవే ఎక్కి పూసపాటిరేగ వైపు పోయి తిరిగొచ్చాం. ఏసీ లేదు. అరవై దాటలేదు. ఎక్కడో ముందు లారీ వెనక ఎర్రలైటు వెలగ్గానే ఇక్కడ వీడి కాలు యాక్సిలరేటర్ మీంచి లేచిపోయేది. స్పీడు బ్రేకరు దగ్గరికొచ్చేసరికి బండి దానంతటదే నిదానించేది. బ్రేకు గట్టిగా తొక్కింది ఒక్కసారి కూడా గుర్తు లేదు. ఆరో గేరు జోలికి పోలేదు. ఐదులోనే, ఇంజిన్ ఆర్పీఎం ముల్లు 1500కీ 2000కీ మధ్య, పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నట్టు తోలాడు. నేను పక్క సీట్లో కూర్చుని చూస్తున్నది ఆ నల్ల డబ్బా మీద మిణుక్కుమంటున్న పచ్చ లైటుని. చూడాల్సిన వాడి కాలు పక్కనే ఉంది.

తిరిగొచ్చి అదే బంకు. ఈసారి గన్ టక్కున కట్ అవగానే "చాలు చాలు" అన్నాడు. నాలుగున్నర లీటర్లు పట్టింది. బండి మీటరు 60 చూపిస్తుంటే వాడు ఫోన్ తీసి జీపీఎస్ చూపించాడు. 63. "పెద్ద టైర్లు కదా సార్, మీటరు తక్కువ చూపిస్తుంది, జీపీఎస్సే నిజం." అరవై మూడుని నాలుగున్నరతో భాగిస్తే పద్నాలుగు. నా తొమ్మిది ఎక్కడ, ఈ పద్నాలుగు ఎక్కడ! అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టేశాను. రెండొందల కిలోమీటర్లు నేర్చుకోవాల్సిన డబ్బా మొదటి అరవైలోనే పద్నాలుగు ఎలా ఇచ్చిందని అడగనేలేదు. బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ పడుతుంది, మనలో మనకెందుకు సార్" అన్నాడు.

ఇప్పుడు వాడి లెక్క విప్పి చూద్దాం. జీపీఎస్ మాట అబద్ధం కాదు. కంపెనీ టైరు ఎత్తు సుమారు 79 సెంటీమీటర్లు, నాది 83. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఐదు శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. మరి నా పాత తొమ్మిది కూడా ఆ మీటరుతో లెక్కేసిందే కదా? దాన్నీ సరిచేస్తే తొమ్మిదిన్నర. ముందు లెక్కకి మీటరు, తరవాత లెక్కకి జీపీఎస్. ఇక డీజిల్. నాలుగైదు లీటర్ల లెక్కలో అర లీటరు తేడా వస్తే పది శాతం. మెడ దాకా నింపి మొదలుపెట్టి, గన్ మొదటిసారి కట్ అయిన చోట ఆపితే ఆ తేడా అంతా వాడి మైలేజ్‌లోకే పోతుంది. మిగిలింది టైర్లలో గాలి, దింపేసిన క్యారియరు, అరవై స్పీడు చూసుకున్నాయి. గాలి అడ్డు స్పీడుతో పాటు సమానంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. నేను హైవే మీద తోలే తొంభైలో గాలి తోపు అరవైలో ఉన్నదానికి రెండింతల పైమాటే. థార్ అసలే చదరపు ముఖం బండి, దాని నెత్తి మీద మళ్ళీ క్యారియరు.

డబ్బా పెట్టుకుని తిరిగితే తొమ్మిదిన్నర, పది. "నేర్చుకుంటోంది, ఆగండి" అన్నాడు. ఆగాను. ఆ తరవాత ఫోన్ ఎత్తడం మానేశాడు. శ్రీకాకుళంలో మా బావమరిది సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, వాడి చేతికిచ్చి విప్పించాను. ఓబీడీ సాకెట్‌లో 16 పిన్నులుంటాయి. పదహారోది బ్యాటరీ కరెంటు, నాలుగూ ఐదూ ఎర్తు. ఇంజిన్ కంప్యూటర్‌తో మాటలు నడిచేది ఆరు, పద్నాలుగు పిన్నుల మీద. ఈ డబ్బాలో ఆరు దగ్గరా పద్నాలుగు దగ్గరా టంకం చుక్క కూడా లేదు. లోపల ఒక చిన్న చిప్పు, మూడు లైట్లు. "బావా, ఇది లైట్లు ఆర్పి వెలిగించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడు. ఇదేం కొత్త మోసం కూడా కాదట. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ ఇంధనం ఆదా చేస్తామనే ఇలాంటి పరికరాలు వందకి పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గ లాభం ఒక్కదాంట్లోనూ లేదని ఎప్పుడో తేల్చేసింది. కొన్నాక వెతికాను ఇదంతా.

నిన్న షాపుకి వెళ్ళాను. లోపల జిమ్నీ బండితో ఇద్దరు కుర్రాళ్ళున్నారు, ఏవో టైర్ల రేట్లు మాట్లాడుకుంటున్నారు. డబ్బా కౌంటరు మీద పెట్టాను. వాడు దాని వైపు చూడను కూడా చూడలేదు. "విప్పేశారుగా, వారంటీ పోయింది" అన్నాడు. బిల్లే ఇవ్వని వస్తువుకి వారంటీ! మైలేజ్ పది దాటట్లేదు, పిన్నులే అతికించలేదు, నా డబ్బు నాకిచ్చెయ్ అన్నాను. అప్పుడు ఆ కుర్రాళ్ళ వైపు తిరిగి, నవ్వుతూ, "కిట్టేటి సేత్తాది సార్? మైలేజ్ మీ కాల్లో ఉంటాది. ఆ రోజు నేను తోలితే పద్నాలుగు వచ్చిందా లేదా? మీకు తోలడం రాపోతే నానేటి సెయ్యాలి?" అన్నాడు. షాపులో పనివాళ్ళతో సహా అందరూ నవ్వారు. వానలో, రాత్రిపూట సుంకి ఘాట్ దింపుకొచ్చినవాణ్ణి నేను. నాకు తోలడం రాదట.

ఒళ్ళు మండేది ఎక్కడంటే, వాడన్నది ముమ్మాటికీ నిజం. మైలేజ్ కాల్లోనే ఉంది. అది తెలిసే, డెమోలో తన కాలు పెట్టి నాకు డబ్బా అమ్మాడు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్తానన్నాను. గొంతు తగ్గించి "వెళ్ళండి సార్, ముందు మీ టైర్లూ బంపరూ ఆర్సీలో ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళండి" అన్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టమొచ్చినట్టు బండి మార్చకూడదన్న మాట వాటిని నాకు అమ్మేటప్పుడు రాలేదు ఆ నోట. అప్పుడు "ఊళ్ళో అందరూ వేయిస్తున్నారు సార్" అని వచ్చింది. బిగించిందీ వాడే, దాంతో బెదిరించేదీ వాడే. వచ్చేస్తుంటే వెనక నుంచి ఇంకో బేరం, "స్టేజ్ టూ రీమ్యాప్ ఉంది, మీకు కాబట్టి ముప్పై వేలు." రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం, అది చేయిస్తే ఇంజిన్ మీద కంపెనీ వారంటీకి నీళ్ళొదులుకోవాల్సిందేనని మాత్రం వాడు చెప్పడు.

డబ్బా పీకేసి, వాడు తోలినట్టే తోలి చూశాను. క్యారియరు ఇంట్లో, గాలి 34, స్పీడు అరవై నుంచి డెబ్భై, దూరం టైర్లకి తగ్గట్టు సరిచేసి, రెండుసార్లూ గన్ మొదట కట్ అయిన చోటే ఆపి, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక లెక్కేస్తే పన్నెండుకి కాస్త అటూఇటూగా వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటుంటే మానుకోండి. గేర్లో ఉంచి కాలు తీస్తే ఈ ఇంజిన్లు డీజిల్ కొట్టడమే ఆపేస్తాయి, న్యూట్రల్లో ఉంటే ఐడ్లింగ్‌కి తాగుతూనే ఉంటాయి, పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మట్టిలోంచి తారు రోడ్డెక్కాక 4హెచ్, అంటే నాలుగు చక్రాలకీ పవరిచ్చే మోడ్, తీసేయండి. ఎవరైనా డెమో ఇస్తానంటే స్టీరింగ్ మీరు పట్టండి, డబ్బా ఉన్నప్పుడూ లేనప్పుడూ.

ఫోన్‌పే రసీదూ, విప్పిన డబ్బా ఫొటోలూ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వాడి దగ్గర ఇదే కొన్నవాళ్ళు ఇంకా ఉంటే చెప్పండి, కలిసి విజయనగరం వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం. నిన్న అక్కడున్న జిమ్నీ తమ్ముళ్ళూ, మీ కంటపడితే మీకే చెప్తున్నాను. మీరు అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి ఉంటే మిగతాది ఇవ్వకండి, బిల్లు చేతికొచ్చేదాకా బండి అక్కడ వదలకండి.