చికాగో పాత పోస్టాఫీసులో నాలుగేళ్ల ఉద్యోగం: ఒక ఇనుప చ్యూట్ కోసం రాస్తున్న సమీక్ష

లాబీలో బంగారు రంగు మొజాయిక్ సీలింగు, పాలరాతి గోడలు, డాబా మీద మూడున్నర ఎకరాల పార్కు. ఈ బిల్డింగు గురించి ఎవరు రాసినా అవే రాస్తారు, ఫొటోలూ అవే పెడతారు. నేను వాటి జోలికి పోవడం లేదు. మా ఫ్లోర్‌లో ఒక మూల, పై అంతస్తు నుంచి మెలికలు తిరుగుతూ దిగే ఇనుప చ్యూట్ ఒకటుంది. ఒకప్పుడు టపా సంచులు, పార్సిళ్లు అందులో జారవిడిచేవాళ్లు. ఈ ఆఫీసులో నాకు ప్రాణం అదే. అలాగని మొదటి రోజు నుంచీ కాదు. మూడేళ్లపాటు దాన్ని దాటుకుంటూ కాఫీకి వెళ్లాను, ఒక్కసారి కూడా ఆగి చూడలేదు.

2022లో చేరిన కొత్తలో చికాగో శివారు అరోరాలో ఉండే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "ఇంత వెలుతురున్న ఆఫీసులో నేనెప్పుడూ పని చెయ్యలేదు, అవకాశమొస్తే వదలొద్దు" అని రాశాను. అబద్ధం కాదు. అప్పుడు నా సీటు నది వైపు కిటికీ పక్కనే. రెండో ఏడాది టీములు మార్చి మమ్మల్ని ఫ్లోరు మధ్యలోకి పంపారు. ఇది మనుషులు కూర్చోవడానికి కట్టిన బిల్డింగు కాదు, ఉత్తరాలు సార్టు చెయ్యడానికి కట్టింది. 1921లో కట్టిందాన్ని 1932లో ఎన్నో రెట్లు పెంచారు. కేటలాగు చూసి ఆర్డరిస్తే సరుకులు టపాలో పంపే సియర్స్, మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీలు రెండూ చికాగోవే, వాటి పార్సిళ్లు ఆ స్థాయిలో ఉండేవి మరి. మొత్తం 25 లక్షల చదరపు అడుగులు. సార్టింగు దీపాల కింద జరిగేది కాబట్టి గోడకీ గోడకీ మధ్య ఎంత దూరమున్నా వాళ్లకి ఇబ్బంది లేదు. మాకుంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4:20కే పొద్దు గుంకుతుంది. చీకట్లో రైలెక్కి, మధ్యలో కూర్చుని, మళ్లీ చీకట్లో రైలెక్కితే సోమవారం నుంచి గురువారం దాకా ఎండ ముఖం చూడకుండానే గడిచిపోతుంది. ఆ చలికాలం నాకు చాలా కష్టంగా గడిచింది. కాబట్టి గ్రూపులో రాసినదాన్ని ఇప్పుడిలా సవరించుకుంటున్నాను: కిటికీ సీటు దొరికితే వదలొద్దు.

సీలింగు ఎత్తు గురించి కూడా అప్పట్లో గొప్పగా చెప్పాను. ఎత్తు నిజమే. కాకపోతే మా కంపెనీకి ఇంటీరియర్ చేసినవాళ్లు కాంక్రీటును అలాగే బయటికి వదిలేశారు. ఒకరు ఫోన్లో మాట్లాడితే పదిమందికి వినబడేది. తర్వాత శబ్దం పీల్చుకునే ప్యానెళ్లు వేలాడదీశాక కొంత నయం.

ఇక చ్యూట్ సంగతి.

మా నాన్న ఆర్‌ఎంఎస్‌లో, అంటే తపాలా శాఖవారి రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. బెజవాడ, 'వై' డివిజను. చాలాకాలం రన్నింగ్ సెక్షన్లో, అంటే నడిచే మెయిల్ బండిలోనే నిలబడి ఉత్తరాలు గూళ్లలో వేసే పని. చివర్లో స్టేషను పక్కన ఆఫీసులో. నిరుడు ఎండాకాలం అమ్మా, ఆయనా వచ్చారు. ఒకరోజు విజిటర్ పాస్ తీసి నాన్నని నాతో రైల్లో తీసుకొచ్చాను. మా బండి యూనియన్ స్టేషనుకి వచ్చేటప్పుడు ఈ బిల్డింగు కిందనుంచే వస్తుందని చెప్పాను. ఊఁ అన్నారు.

లాబీ చూపించాను. "బాగుంది" అన్నారు. డాబా మీద పార్కు చూపించాను. "గాలి బాగుంది" అన్నారు. కార్లు బిల్డింగు కిందనుంచి దూసుకుపోతుంటే, కట్టినప్పుడే రోడ్డు కోసం ఖాళీ వదిలిపెట్టారని, అసలు రోడ్డు 1950లలో వచ్చిందని నాకు తెలిసినదంతా చెప్పాను. మర్యాదకి విన్నారు. ఆ తర్వాత మా ఫ్లోర్‌కి తీసుకొచ్చి, కాఫీ పట్టుకొస్తానుండండి అని అటు తిరిగానో లేదో, నాన్న పక్కన లేరు.

చ్యూట్ దగ్గర ఉన్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, లోపలికి వంగి చూస్తున్నారు.

"ఇది సంచుల జారుడు కదమ్మా!"

"అవును నాన్నా, పాతది. అలాగే ఉంచేశారు."

"కింద పట్టాలున్నాయన్నావు కదూ? మరింకేం. కింద బండి, పైన సార్టింగు. మాదీ అంతే." నా చెయ్యి పట్టుకుని లోపల బయటి అంచు మీద పెట్టించారు. "ఇటు చూడు. ఇప్పుడు ఇటు."

బయటి వైపు ఇనుము అద్దంలా ఉంది, వేలికి చల్లగా నున్నగా తగిలింది. నడిమి స్తంభం వైపు మాత్రం పాత రంగు పొరలు పొరలుగా గరుగ్గా అలాగే ఉంది.

"బరువున్న సంచి తిరిగేటప్పుడు బయటికే తోసుకుపోతుంది. అక్కడే రాసుకుంటుంది. ఇలా నున్నబడాలంటే ఎన్ని సంచులు దిగి ఉండాలి!" అని, కాసేపాగి, "వీళ్లకీ ఇరుక్కునే ఉంటాయి. పార్సిలు అడ్డం తిరిగితే వెనకవన్నీ ఆగిపోతాయి. కర్రతో తోసేవాడొకడు ఉండే ఉంటాడు" అన్నారు.

పైన మూత ఎందుకేశారని అడిగారు. అంతస్తుల మధ్య కంతలుంటే మంటలు పైకి పాకుతాయి కాబట్టి మూసెయ్యాలని చెప్పాను. తలూపారు. "అది మంచిదే. మరి ఈ కుండీ ఏంటమ్మా ఇక్కడ?"

సంచులు బయటికొచ్చే నోటికి అడ్డంగా ప్లాస్టిక్ మొక్క కుండీ పెట్టారు. బయటి వైపంతా మా కంపెనీవాళ్లు నల్లరంగు కొట్టించారు. పక్కన ఒక్క బోర్డు లేదు. కొత్తగా చేరేవాళ్లు అదేదో ఇంటీరియర్ డిజైన్ అనుకుంటారు, మా టీములో ఇద్దరు నాతోనే అన్నారు. నా కోపం ఇదొక్కటే. అమెరికాలో చారిత్రక కట్టడాల్ని బాగుచేస్తే ఖర్చులో 20 శాతం దాకా ఫెడరల్ పన్ను రాయితీ ఇస్తారు. బిల్డింగు స్వరూపం చెడగొట్టకూడదన్నది షరతు. 1996లో తపాలావాళ్లు ఖాళీ చేశాక ఇరవై ఏళ్లు పాడుబడి ఉన్న బిల్డింగు ఇది. 2016లో కొత్త యజమానులు కొని, 80 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, కిటికీల నుంచి లిఫ్టుల దాకా మార్చి కూడా ఈ ఇనుమును మిగిల్చారు. వాళ్లకి దండం పెట్టాలి. అలా మిగిల్చిన వస్తువుకి నోరు మూసినట్టు కుండీ పెట్టడం ఇందులో అద్దెకున్న మేం చేసిన పని.

ఆ మధ్యాహ్నం నాన్న అక్కణ్నుంచి కదల్లేదు. మా టీములో పోలండు మూలాలున్న ఒక పెద్దాయన వచ్చి పలకరిస్తే, నేను మధ్యలో తర్జుమా చేస్తుంటే, సంచి మెడకి దారం ఎలా చుట్టాలో, లక్క సీలు ఎక్కడ వెయ్యాలో నాన్న చేతులతో చూపించారు. ఆయన నోట్‌బుక్కులో బొమ్మ గీసుకున్నాడు. నా ఉద్యోగం ఏంటో నాన్నకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. నేను పని చేసే చోటు మాత్రం నాకంటే ఆయనకే బాగా తెలిసిందనిపించింది.

ఈ బిల్డింగులో ఆఫీసు అంటే వచ్చెయ్యమంటానా? నాకు కలిసొచ్చినవి వేరు. అరోరా నుంచి ఒకే బండి, దిగి రోడ్డు దాటితే ఆఫీసు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టి ఆరింటికి డేకేర్‌కి పరుగెత్తే పని లేదు. కారులో వచ్చేవాళ్లకీ, మధ్య వరసల్లో కూర్చోబోయేవాళ్లకీ నేను గట్టిగా చెప్పలేను. మీ కంపెనీ ఫ్లోర్ ప్లాన్ అడిగి, మీ సీటు కిటికీకి ఎంత దూరమో చూసుకుని ఒప్పుకోండి. పాత బిల్డింగంటే ఇష్టం లేనివాళ్లకి కొత్త అద్దాల టవర్లలో దీనికంటే వెలుతురు దొరుకుతుంది, అది ఒప్పుకోవాలి.

నాన్న వెళ్లిన వారం మా ఫెసిలిటీస్ వాళ్లకి మెయిల్ పెట్టాను. కుండీ తీసేశారు. బోర్డు కూడా పెడతామన్నారు, నాలుగు వాక్యాలు రాసిచ్చాను కూడా. ఇంకా రాలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ముందు దాని గురించే అడుగుతారు.