పోలార్ హెచ్10 ఛాతీ బెల్టు: ఎనిమిది నెలలు కట్టుకున్నాక

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) టెక్నీషియన్‌ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఛాతీకి జెల్ రాసి, ఎలక్ట్రోడ్లు పెట్టి, "కదలకండి బాబాయ్, ఊపిరి మామూలుగా తీసుకోండి" అంటూ ఎంతమందికి తీశానో లెక్క లేదు. నేను పరుగెత్తేటప్పుడు నా గుండె ఎలా కొట్టుకుంటుందో మాత్రం నలభై నాలుగో ఏడు వచ్చేదాకా చూసుకోలేదు. అందుకే గుండె వేగం చూపించే ఈ బెల్టు గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

పోయిన కార్తీకంలో పరుగు మొదలుపెట్టాను. మాది కృష్ణలంక. తెల్లవారుజామున ఐదింటికి, ఏటి స్నానాలకు వెళ్లేవాళ్లు తడి చీరలతో తిరిగొస్తుంటే, రిటైనింగ్ వాల్ వెంట నేను మెల్లగా పరుగెత్తేదాన్ని. అప్పుడు చేతికి మా తమ్ముడు ఇచ్చిన స్మార్ట్ వాచీ ఉండేది. మూడో రోజో నాలుగో రోజో దానివైపు చూస్తే 168 అని ఉంది. పక్కనున్న వాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్తున్నాను, 168 ఎందుకు కొట్టుకుంటుంది? భయమేసి ఆగి, మెడ దగ్గర వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. 36 వచ్చాయి. అంటే నిమిషానికి 144. మళ్లీ పరుగు మొదలుపెట్టి ఈసారి అడుగులు లెక్కపెట్టాను. నిమిషానికి సరిగ్గా 168!

వాచీ నా నాడిని కాదు, నా అడుగుల్ని లెక్కపెడుతోంది. మణికట్టు వాచీ వెనక ఆకుపచ్చ లైటు ఉంటుంది కదా, అది చర్మం కింద రక్తం పొంగినప్పుడల్లా వెలుతురులో వచ్చే తేడాను బట్టి నాడిని అంచనా వేస్తుంది. పరుగులో ప్రతి అడుగుకూ చెయ్యి కుదుపుకు లోనవుతుంది. ఆ కుదుపూ ఒక లయే. రెండు లయల్లో ఏది నాడో దానికి తెలియనప్పుడు అడుగుల లయను పట్టుకుంటుంది. పరుగెత్తేవాళ్లు దీన్ని కేడెన్స్ లాక్ అంటారు. వాచీ ఏ కంపెనీదో చెప్పడం అనవసరం. మణికట్టు మీద లైటుతో చూసే పద్ధతికే ఉన్న ఇబ్బంది ఇది. కదలకుండా కూర్చున్నప్పుడు, రాత్రి నిద్రలో అదే వాచీ చక్కగా చూపిస్తుంది.

సైకిల్ మీద దీనికి పూర్తిగా తిరగబడి, అంకె తక్కువ చూపించేది. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డుకు వెళ్తాను. బ్యారేజీ మీద ఎదురుగాలికి నేను రొప్పుతుంటే వాచీలో 96. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచితే అక్కడ రక్తం కదలిక సరిగ్గా అందదు. దానికి తోడు రోడ్డు అతుకుల దగ్గర కుదుపులు.

అప్పుడు కొన్నాను పోలార్ హెచ్10. ఫిన్లాండ్ కంపెనీ. ధర తక్కువేం కాదు, ఇంట్లోకి మంచి మిక్సీ కొనుక్కోవచ్చు. మా ఆయన రెండు రోజులు ఆలోచించమన్నారు, రెండు రోజులూ ఆలోచించే కొన్నాను.

ఇది నా వృత్తికి దగ్గరి చుట్టం. లైటు లేదు, అంచనా లేదు. సాగే బెల్టు లోపలివైపు ఎలక్ట్రోడ్లు ఉంటాయి, గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే విద్యుత్తును నేరుగా చర్మం మీదనుంచి తీసుకుంటాయి. ఈసీజీ చేసేదీ అదే. ముందువైపు చిన్న బిళ్లలాంటి సెన్సర్‌ను బొత్తాల్లా నొక్కి తగిలించాలి. అక్కణ్నుంచి బ్లూటూత్‌లో ఫోన్‌కో, వాచీకో, సైకిల్ కంప్యూటర్‌కో అంకె వెళ్తుంది. నా పాత వాచీనే దీనికి జత చేశాను. ఇప్పుడది బెల్టు చెప్పిన అంకె చూపిస్తుంది, పారేయాల్సిన పని లేకపోయింది.

మొదటి రోజు పొడిగా కట్టుకుని బయల్దేరాను. మొదటి ఐదు నిమిషాలూ 190, 210 అంటూ గెంతింది. ఎవరైనా పేషెంటు పొడి చర్మంతో వచ్చి పడుకుంటే కాగితం మీద గీతలు ఎలా పిచ్చిగా వస్తాయో రోజూ చూసేదాన్ని, నాకే తట్టలేదు. పాలిస్టర్ టీషర్టు గాలికి ఎగిరి బెల్టుకు రాసుకున్నా అలాగే అవుతుంది. ఎలక్ట్రోడ్లను నీళ్లతో బాగా తడిపి కట్టుకుంటే మొదటి నిమిషం నుంచే సరైన అంకె. మన ఊళ్లో కాసేపటికి చెమటే ఆ పని చేస్తుందనుకోండి, అయినా తడపండి.

నమ్మకం కుదరడానికి ఒక పరీక్ష కూడా చేశాను. మా కార్డియాలజిస్టు గారి అనుమతితో ఒక మధ్యాహ్నం నేనే టీఎంటీ ఎక్కాను. మా జూనియర్ అమ్మాయి నాకు ఈసీజీ ఎలక్ట్రోడ్లు, తీగలు పెట్టింది. ఛాతీ ఎడమవైపు పెట్టే వీ4, వీ5 ఎలక్ట్రోడ్లకు అడ్డం రాకుండా బెల్టును ఒక వేలు కిందికి జరిపాం. మరో చేతికి ఇంకొకరి వాచీ విడిగా పెట్టుకున్నాను. మేం వాడే పరీక్ష పద్ధతి పేరు బ్రూస్ ప్రోటోకాల్: మూడేసి నిమిషాలకు ఒక దశ, మూడో దశలో గంటకు 5.5 కిలోమీటర్ల వేగం, 14 శాతం ఏటవాలు. ఆ దశ చివర్లో మెషీన్‌లో 152, బెల్టులో 151, వాచీలో 121. ట్రెడ్‌మిల్ ఆగాక మెషీన్‌తో పాటే బెల్టు అంకె దిగుతూ వచ్చింది. వాచీ మాత్రం నేను కుర్చీలో కూర్చున్నాక 140 దాకా ఎక్కింది. చూసిన వాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు.

ఇక అసలు ఉపయోగం. 180 లోంచి వయసు తీసేసి, ఆ అంకె దాటకుండా పరుగెత్తమని ఒక పద్ధతి ఉంది. నాకు 136. దాంట్లో ఉండాలంటే కార్తీకంలో నేను పరుగు మధ్యలో నడవాల్సి వచ్చింది, కిలోమీటరుకు పదిన్నర నిమిషాలు. చిన్నపిల్లలు దాటిపోతుంటే కష్టంగానే ఉండేది. కానీ అంకె మీద పట్టు వదల్లేదు. వారానికి నాలుగు రోజులు, నలభై నిమిషాల చొప్పున. శివరాత్రి దాటేసరికి అదే 136 దగ్గర 9 నిమిషాల 10 సెకన్లకు వచ్చాను, మధ్యలో నడక లేకుండా. పొద్దున లేవగానే నాడి 78 ఉండేది, 67కి దిగింది. ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయిన రోజు నాలుగో అంతస్తుకు ఈసీజీ మెషీన్ మోసుకుని ఎక్కాను, వెళ్లగానే పేషెంటుతో మామూలుగా మాట్లాడగలిగాను. దానికి పొంగిపోయాను.

తర్వాత మే నెల. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనుషుల గుండెకు ఎంత కష్టమో నాకు ఈ బెల్టే చూపించింది. పొద్దున ఐదింటికే ఉక్కపోత. అదే దారి, అదే వేగం, గుండె మాత్రం పన్నెండు పద్నాలుగు ఎక్కువ కొట్టుకుంటుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటలో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది, ఒక్కో దెబ్బకు గుండె పంపగలిగేది తగ్గి దెబ్బల సంఖ్య పెరుగుతుంది. వేగం మాత్రమే చూసుకునేవాళ్లు "ఫిట్‌నెస్ పోయింది" అనుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు, పరుగెత్తుతారు. బెజవాడలో ఎండాకాలం అది ప్రమాదం. నేను 136 పట్టుకునే ఉన్నాను, వేగం పది నిమిషాలకు పడిపోయింది, పడిపోనిచ్చాను. ఆషాఢంలో నాలుగు వానలు పడి చల్లబడగానే 8 నిమిషాల 55 సెకన్లు. ఎండల్లో ఏమీ పోలేదు.

సైకిల్ మీద నాకు అంకె పరుగుకన్నా ఎనిమిది పది తక్కువ ఉంటుంది, ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి. అందుకని అక్కడ 128 పెట్టుకున్నాను. బ్యారేజీ ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు 1,220 మీటర్లు, చదును, కొలతకు అంతకన్నా మంచి చోటు లేదు. ఇక కరకట్ట మీద అరటి తోటల పక్కన ఎక్కువసేపు ఒకే అంకె దగ్గర తొక్కుకుంటూ పోవచ్చు.

ఇబ్బందులూ చెప్పాలి. ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రా కింది పట్టీ, ఈ బెల్టు ఒకే చోట పడతాయి. గంట దాటితే ఒరుసుకుని మంట పుడుతుంది. బెల్టును పట్టీకి కాస్త కిందుగా కట్టి, అంచుల దగ్గర కొంచెం వ్యాజిలిన్ రాస్తున్నాను. ఎలక్ట్రోడ్ల మీద మాత్రం రాయకూడదు. ఇంటికి రాగానే సెన్సర్ ఊడదీసి తుడవాలి, తడి బెల్టుకు తగిలించి ఉంచితే ఇంకా కట్టుకునే ఉన్నామనుకుని బ్యాటరీ అయిపోతుంది. బెల్టును ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాలి.

బ్యాటరీ సీఆర్2025, దాదాపు 400 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. నాది ఇంకా మొదటిదే. ముందుజాగ్రత్తగా బీసెంట్ రోడ్డులో ఒకటి అడిగితే "రెండూ ఒకటే మేడమ్" అని సీఆర్2032 ఇచ్చారు. ఒకటి కాదు. 25 అంటే 2.5 మిల్లీమీటర్ల మందం, 32 అంటే 3.2. మూత సరిగ్గా కూర్చోదు, నీళ్లు లోపలికి పోతాయి. అంకె చూసి తీసుకోండి.

బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం మందువల్లే తగ్గి ఉంటుంది, వాళ్లకు 180 లెక్క పనికిరాదు. డాక్టర్ గారిని అడిగి అంకె పెట్టుకోవాలి. ఇంకొకటి, మా టెక్నీషియన్ల తరఫున: ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం లాంటివి ఉంటే ఈ బెల్టు అంకె బాగుందని ఇంట్లో కూర్చోకండి. ఇది ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుంది, రక్తనాళం మూసుకుపోతుందేమో చెప్పదు. దానికి గుండెను పన్నెండు కోణాల్లో చూసే పన్నెండు లీడ్ల ఈసీజీ కావాలి, వెంటనే ఆసుపత్రికి రండి.

బెల్టు అరిగిపోతే సెన్సర్ ఉంచుకుని బెల్టు ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు. ఎనిమిది నెలల్లో నా బెల్టు సాగుడు కొంచెం తగ్గింది, ఎలక్ట్రోడ్ల అంచు మాత్రం ఎక్కడా లేవలేదు. లేస్తే మళ్లీ రాస్తాను.