లాక్ నెస్ జీవి: పాత డాక్యుమెంటరీ, కొత్త డాక్యుమెంటరీ

మొన్న ఆదివారం విజయవాడలో, కృష్ణలంకలోని అక్కావాళ్లింట్లో, స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే వింత జీవి మీద తీసిన రెండు డాక్యుమెంటరీలు మేనల్లుడితో కలిసి వరసగా చూశాను. ఒకటి నా చిన్నప్పటిది, ఇంకోటి ఈమధ్యది.

పాతదానికి ప్రాణమంతా 1934 నాటి ఫొటో. నీళ్లలోంచి లేచిన సన్నటి మెడ, చుట్టూ అలలు. వ్యాఖ్యాత "ప్లీసియోసార్" (డైనోసార్ల కాలంనాటి, పొడవాటి మెడ ఉన్న సముద్ర సరీసృపం) అనగానే వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ వయసులో నేనూ అంతే. బొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసిన ఫొటో అని 1994లో బయటపడింది. అది అప్పటివాళ్లకు తెలియదు కాబట్టి ఆ తప్పు నేను పట్టను. కానీ కత్తిరించని ఫొటోలో ఆ ఆకారం ఎంత చిన్నదో, అలలు ఎంత సన్నవో చూస్తే తెలుస్తుంది. పైగా ఆ సరస్సు మంచు కరిగాక, సుమారు 10,000 ఏళ్ల కిందట ఏర్పడింది. ప్లీసియోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయింది. ఈ లెక్క చెప్పకపోవడమే నాకు బాధ.

కొత్తదాంట్లో 2018లో సరస్సు నీళ్లు పట్టి అందులోని జీవుల డీఎన్ఏ వెతికారు. సరీసృపాల జాడ లేదు, ఈల్ చేపలది మాత్రం బోలెడు. నిజం కావాలంటే పిల్లలకు ఇదే చూపిస్తాను.

"ఈల్ అంటే మన మలుగుపామేనా మామయ్యా?" అన్నాడు వాడు. పాతది చూసినంతసేపూ ఒక్క ప్రశ్నా అడగలేదు.