ఒంగోలులో కొన్న కొల్లాయిడల్ సిల్వర్: చీటీ మీది మోతాదును లెక్కవేస్తే

ఒంగోలులో ప్రకృతి వైద్యపు సరుకులు అమ్మే ఒక దుకాణంలో 250 మిల్లీలీటర్ల కొల్లాయిడల్ సిల్వర్ (వెండి సూక్ష్మ రేణువులు నీటిలో తేలియాడే ద్రవం) సీసాను 650 రూపాయలకు కొన్నాను. ముదురు గోధుమరంగు గాజు సీసా, బిగుతైన మూత, లోపల లేత తేనెరంగు ద్రవం. వీటిలో వంక పెట్టడానికేమీ లేదు. నా అభ్యంతరమంతా చీటీ మీద అచ్చువేసిన మోతాదు గురించే.

గాఢత 20 పీపీఎం అనీ, పెద్దలు పూటకు రెండు టీస్పూన్ల చొప్పున రోజుకు మూడు పూటలు, పిల్లలు అందులో సగం తాగాలనీ రాశారు. 20 పీపీఎం అంటే లీటరుకు 20 మిల్లీగ్రాములు, అనగా మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల వెండి. టీస్పూను 5 మిల్లీలీటర్లు కనుక, పెద్దల కడుపులోకి రోజుకు 600 మైక్రోగ్రాములు చేరుతుంది. జీవితాంతం రోజూ నోటి ద్వారా చేరినా హాని ఉండకపోవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా కట్టిన పరిమితి, శరీర బరువులో కిలోకు 5 మైక్రోగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 300. పదిహేను కిలోల పిల్లవాడికి ఆ పరిమితి 75 మాత్రమే కాగా, ఈ చీటీ ప్రకారం 300 పడుతుంది. పసివాళ్లకు నాలుగు రెట్లు పట్టమని అచ్చువేసేముందు ఒక్కసారైనా లెక్క చూసుకోవలసింది.

పైగా ఆ పరిమితి చర్మం రంగు మారే ప్రమాదాన్ని బట్టి కట్టినదే గాని, అంత తాగితే జబ్బు నయమవుతుందని చెప్పినది కాదు. వెండి శరీరంలో పేరుకుంటే చర్మం నీలి బూడిదరంగుకు తిరుగుతుంది. దానిని ఆర్జీరియా అంటారు, అది సాధారణంగా శాశ్వతంగా ఉండిపోతుంది. కొల్లాయిడల్ సిల్వర్ మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ గుర్తించలేమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లోనే తేల్చింది. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్‌నూ, కొన్ని యాంటీబయాటిక్‌లనూ వెండి ఒంటికి సరిగా పట్టనివ్వదన్న హెచ్చరిక చీటీ మీద ఎక్కడా లేదు.

నేను అక్కడ ఉండగానే కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు, బిందెలో నాలుగు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ పోతుందని దుకాణదారు చెప్పారు. ఇది విని ఊరుకోలేకపోయాను. వెండి నీటిలోని సూక్ష్మక్రిములను కొంత అదుపు చేయగలదేమో గాని, కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను తీసివేయదు, దానికి ఆర్.ఓ. వంటి శుద్ధి కావాలి. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన మనుషులను కళ్లారా చూస్తున్న ప్రాంతంలో ఈ మాట చెప్పి అమ్మడం చాలా తప్పు. “ఉగ్గుగిన్నె వెండిదే కదండీ” అన్నది దుకాణదారు సమాధానం. గిన్నె నుంచి ఉగ్గులోకి దిగే వెండి అత్యల్పం. ఈ సీసాలో వెండిని తాగడానికే కలిపారు.

అదే దుకాణంలో ఇంట్లో తయారుచేసుకునే పరికరం కూడా ఉంది: రెండు వెండి తీగలు, బ్యాటరీ. దానితో గాఢత ఎంత వచ్చిందో ఇంట్లో తెలుసుకునే దారి లేదు. నీటిలో కరిగిన లవణాలను చూసే టీడీఎస్ మీటరు విద్యుత్ వాహకతను బట్టి అంకె చూపుతుందే తప్ప, తేలియాడే వెండి రేణువులను లెక్కించదు. ఇలా ఇంట్లోనే చేసుకుని ఏళ్ల తరబడి తాగిన పాల్ కారసన్ అనే అమెరికన్ ముఖం నీలంగా మారి లోకానికంతటికీ తెలిసింది.

తాగడానికి ఈ సీసాను నేను ఎవరికీ సిఫారసు చేయను. ఇప్పటికే వాడుతున్నవారు మానివేసి, ఎంతకాలం, రోజుకు ఎన్ని చెంచాలు తాగారో డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారైతే ఆ సంగతీ కలిపి చెప్పాలి.