నాలుగడుగుల రీఫ్ ట్యాంకులో రెండు ట్యూంజె 6055లు

డాలస్‌లో మా ఇంట్లో ఉన్నది 75 గాలన్ల రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్ (పగడాలు), చేపలు పెంచే గాజు తొట్టి. సుమారు 284 లీటర్లు. 2019 నుంచి అందులో ట్యూంజె కంపెనీవి రెండు 6055 పవర్‌హెడ్‌లు, అంటే నీళ్లలో మునిగి ప్రవాహం పుట్టించే పంపులు, తిరుగుతున్నాయి. ఒక్కోటి గంటకు 1,000 నుంచి 5,500 లీటర్ల దాకా నీళ్లు తోస్తుంది. అంతకుముందు ఒకే ఒక్క పెద్ద పంపు ఉండేది, ఏ కంపెనీదో చెప్పను. దాని ఎదురుగా ఇసుక లేచిపోయి అడుగు గాజు కనిపించేది. రాళ్ల వెనకేమో చెత్త పేరుకుని సయనో అనే ఎర్రటి బాక్టీరియా జిగురుగా పాకేది.

కొత్తవి వచ్చాక కూడా మొదట తప్పే చేశాను. రెండింటినీ ఎదురెదురుగా, సగం ఎత్తులో పెట్టాను. ధార నేరుగా తగిలి హ్యామర్ కోరల్ (సుత్తి తలల్లాంటి కొసలుండే పగడం) ఒకవైపు కండ ఊడి ఎముక తేలింది. ఇప్పుడు ఎడమది పైకి జరిపి ముందు గాజు వైపు తిప్పాను. నీళ్లు గాజుకు కొట్టుకుని, విడిపోయి, మెత్తబడ్డాకే కోరల్స్‌ని చేరతాయి. కుడిది కాస్త కిందకు, రాళ్ల వెనక నుంచి తోసేలా ఉంది. హ్యామర్ తలలు అటూ ఇటూ ఊగితే సరే, ఒకే వైపు వాలి ఉండిపోతే పంపు తిప్పాల్సిందే.

ఎక్కడ నీళ్లు ఆగుతున్నాయో తెలియాలంటే చిటికెడు పొడి మేత వేసి చూడండి. అది ఎక్కడ దిగబడితే అదే మీ చెత్తకుప్ప. నాకు ఆ చోటు దొరకడానికి నెల పట్టింది. మా ఆవిడ సోఫాలో కూర్చుని రెండు నిమిషాల్లో చూపించింది.

రెండూ పూర్తి వేగంతో తిరిగితే గంటకు ట్యాంకు నీళ్లకు 38 రెట్లు పైన. మెత్తటి కోరల్స్‌కి అందులో సగం చాలు. నేను పగలు సగం వేగం దగ్గర ఉంచి, రాత్రి ఇంకా తగ్గిస్తాను. పై నీళ్లు మాత్రం ఎప్పుడూ అలలాడాలి, గాలి కలిసేది అక్కడే. అలాగని మరీ పైకి పెడితే గాలి పీల్చి ట్యాంకంతా బుడగలు నింపుతుంది.

మూడు నెలలకోసారి పంపుల్ని సగం వెనిగర్, సగం నీళ్లలో గంటసేపు నానబెడతాను. ఒకసారి బద్ధకించాను. ఒక పంపు సున్నం పట్టి గరగరమని, ఆపితే మళ్లీ తిరగనంది. ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) పెంచేవాళ్లు, అది జరుగుతూ వచ్చి పంపులో పడకుండా పంపు మీది జాలీ తప్పక చూసుకోండి.

ధర ఎక్కువే. కానీ 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద ఒక పంపు తిరుగుతూనే ఉంది. హీటర్‌కి ఆ బ్యాటరీ చాలదు కదా, గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి ట్యాంకులో తేలేశాం, చుట్టూ దుప్పట్లు కప్పాం. చేపలన్నీ బతికాయి. రెండు అక్రోపోరా కోరల్స్ పోయాయి. ఆ నెలలోనే రెండో బ్యాటరీ కొన్నాను.