6.5 క్రీడ్‌మూర్‌కు లాపువా ఇత్తడి గుల్లలు: పెట్టిన ధర గిట్టుబాటవుతుందా?

తూటాలోని గుండు, మందు, ఆ మందును అంటించే ప్రైమర్ ఒక్కసారి పేలడంతోనే ఖర్చయిపోతాయి, తిరిగి చేతికి వచ్చేది ఇత్తడి గుల్ల ఒక్కటే. అందువల్ల సొంతంగా తూటాలు నింపుకొనేవారు గుల్లల ఖరీదును పెట్టె మీద వేసిన ధరను బట్టి కాక, ఒక్కో గుల్ల ఎన్ని విడతలు నమ్మకంగా పనిచేస్తుందన్న దాన్ని బట్టి లెక్కకట్టాలి. బోల్టును చేతితో లాగి ఒక్కో తూటాను ఎక్కించే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో వాడే 6.5 క్రీడ్‌మూర్ తూటాకు ఫిన్లాండ్‌కు చెందిన లాపువా గుల్లలు ఎంతవరకు తగినవో ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను. పోలికకు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెడేలియాలో తయారయ్యే స్టార్‌లైన్ గుల్లలనూ, ఒకసారి పేల్చినవని చెప్పి చవకగా అమ్మే గుల్లలనూ తీసుకున్నాను. నేను టెక్సస్‌లో కాగితపు లక్ష్యాల మీద మాత్రమే కాలుస్తాను కాబట్టి, వేటకు వెళ్లేవారి అవసరాలు దీనికి కొంత భిన్నంగా ఉండవచ్చు.

ముందుగా చట్టం సంగతి ఒక మాట చెప్పాలి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు, అయితే మందు నిల్వకు సంబంధించిన స్థానిక నియమాలు చూసుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి కనుక, ఇది అక్కడి పాఠకులు ఇంట్లో ప్రయత్నించదగిన పని కాదు. హైదరాబాద్‌లో .22 రైఫిల్‌తో సాధన చేసేవారికైతే ఆ ప్రశ్నే రాదు. ఆ తూటాలో విడిగా ప్రైమర్ ఉండదు, అంటుకునే పదార్థం గుల్ల అంచులోనే ఉంటుంది, కాల్చినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని తిరిగి నింపడం ఆచరణలో లేదు.

లాపువా గుల్లలు నూరేసి చొప్పున నీలిరంగు ప్లాస్టిక్ పెట్టెలో వస్తాయి. గుండును పట్టి ఉంచే మెడ, దాని కింద ఏటవాలుగా ఉండే భుజం భాగాలపై కనిపించే నీలి, గోధుమ రంగు చారను చూసి సరుకు పాతదేమోనని కొత్తవారు సందేహిస్తారు. అది ఫ్యాక్టరీలో మెడను వేడిచేసి మెత్తబరచినప్పుడు ఏర్పడిన రంగు మాత్రమే. చాలామంది తయారీదారులు ఆ రంగును మెరుగుపెట్టి తొలగిస్తారు, లాపువా వారు అలాగే ఉంచుతారు. కొత్త గుల్లల మూతులు రవాణాలో కొద్దిగా నొక్కుకుపోయే అవకాశం ఉన్నందున, ఎంత ఖరీదైనవైనా నింపే ముందు మెడను ఒకసారి డైలోనో (గుల్లను నొక్కి కొలతకు తెచ్చే అచ్చు), మాండ్రెల్ మీదనో (మెడ లోపలికి దూర్చే కొలత కడ్డీ) సరిచేసి, మూతి అంచును లోపలా బయటా గీకి నునుపు చేయడం మంచిది. మెడ మందం, బరువు ఒక గుల్లకూ మరొక గుల్లకూ మధ్య ఎంత తక్కువ తేడాతో ఉన్నాయన్న విషయంలో నేను వాడినవాటిలో వీటికి సాటి రాగలిగినవి లేవు.

అసలు విలువ అడుగున ఉంది. 6.5 క్రీడ్‌మూర్‌ను హార్నడీ కంపెనీ 2007లో పెద్ద ప్రైమర్‌తో రూపొందించగా, లాపువా వారు తమ గుల్లను చిన్న రైఫిల్ ప్రైమర్‌కు తగినట్లు చేశారు. ప్రైమర్ కూర్చునే గుంట చిన్నదైతే దాని చుట్టూ లోహం ఎక్కువగా మిగులుతుంది. ఈ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత ఒత్తిడిని పదే పదే తట్టుకుంటూ ఆ గుంట వదులు కాకుండా ఎంతకాలం నిలిస్తే గుల్ల అంతకాలం పనికివస్తుంది, ఎందుకంటే మెడ గట్టిపడితే మెత్తబరచవచ్చు, పొడవు పెరిగితే కత్తిరించవచ్చు, కాని వదులైన గుంటను ఇంట్లో నమ్మకంగా బాగుచేసే మార్గం లేదు. కొత్త ప్రైమర్‌ను నొక్కుతున్నప్పుడు చేతికి బిగువు తగలకుండా జారి కూర్చుంటే, ఆ గుల్లను అక్కడే పక్కన పెట్టేయాలి.

దీనికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, ఈ గుల్ల అడుగున నిప్పు పైకి వెళ్లే రంధ్రం వ్యాసం 1.5 మిల్లీమీటర్లు. సాధారణంగా అది 2 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, మామూలు డైలో పాత ప్రైమర్‌ను ఊడగొట్టే డీక్యాపింగ్ పిన్ ఇందులో ఇరుక్కుని వంగవచ్చు, విరగవచ్చు. సన్నని పిన్ కొనుక్కున్న తరువాతే పెట్టె తెరవడం తెలివైన పని, డ్రిల్లుతో రంధ్రాన్ని పెద్దది చేయమని కొందరు ఇచ్చే సలహాను నేను సమర్థించను. రెండవది, గడ్డకట్టే చలిలో చిన్న ప్రైమర్ కన్నా పెద్ద ప్రైమర్ మందును మరింత నిలకడగా అంటిస్తుందని చలి ప్రాంతాల షూటర్లు చెబుతారు. టెక్సస్ ఎండలో నాకు ఆ బెంగ లేదు.

స్టార్‌లైన్ వారు ఇదే తూటాకు చిన్న ప్రైమర్ గుల్లనూ, పెద్ద ప్రైమర్ గుల్లనూ రెండింటినీ అమ్ముతారు, ధర లాపువా కన్నా బాగా తక్కువ. బరువులో తేడా కాస్త ఎక్కువగా కనిపించినా, 300 గజాల లోపు లక్ష్యాల మీద ఆ తేడాను నా గురిలోని లోపాల నుంచి వేరుచేసి చూపడం నాకు సాధ్యం కాలేదు. ఒక తయారీదారు గుల్ల నుంచి మరొకదానికి మారేటప్పుడు మాత్రం లోపలి ఖాళీ మారుతుందన్న సంగతి మరువకూడదు. గోడలు మందంగా ఉన్న గుల్లలో అంతే మందు పోస్తే పీడనం పెరుగుతుంది కనుక, ప్రచురిత మందు పట్టికలోని ప్రారంభ కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టవలసిందే.

ఒకసారి పేల్చిన గుల్లల విషయంలో నా అభిప్రాయం అంత అనుకూలంగా లేదు. క్రీడ్‌మూర్‌లో ఇవి ఎక్కువగా ఫ్యాక్టరీ తూటాల నుంచి మిగిలినవి. నా దగ్గరున్న .308 రైఫిల్ కోసమైతే దాదాపు అదే కొలతల్లో సైన్యం వాడిన 7.62 గుల్లలు దొరుకుతాయి, వాటి అడుగున అమెరికా సైన్యానికి తూటాలు చేసే లేక్ సిటీ ఫ్యాక్టరీని సూచించే ఎల్‌సీ అక్షరాలు, తయారైన ఏడాది చివరి రెండు అంకెలు ఉంటాయి. వాటిలో ప్రైమర్‌ను చుట్టూ నొక్కి బిగించి ఉంచుతారు, ఆ బిగింపును ప్రత్యేక పరికరంతో తొలగించనిదే కొత్త ప్రైమర్ సరిగా ఎక్కదు. మెషిన్‌గన్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గది) పేలినవైతే అడుగు భాగం దగ్గర ముందే సాగిపోయి ఉంటాయి. ఏరి, కడిగి, బిగింపు తీసి, కత్తిరించేందుకు పట్టే గంటలను లెక్కలో వేస్తే చవక అన్న మాట నిలవదు. విదేశీ సైనిక గుల్లల్లో కొన్ని బెర్డాన్ ప్రైమర్‌వి, వాటి అడుగున మధ్యలో ఒక రంధ్రానికి బదులు పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటాయి కనుక మామూలు పిన్‌తో ప్రైమర్ ఊడదు. టార్చి వెలుగులో లోపలికి చూసి అలాంటివి ముందే వేరుచేయాలి.

ఏ బ్రాండు కొన్నా గుల్ల ఆయుష్షును తగ్గించేది ఎక్కువగా మన డై అమరికే. సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఈ ఇత్తడి ప్రతి పేలుడుకూ వ్యాకోచించి, ప్రతిసారి డైలో నలిగి గట్టిపడుతుంది. కంచరివాడు బిందెను సాగగొడుతూ మధ్య మధ్య కొలిమిలో పెట్టి మెత్తబరచినట్లే, గుల్ల మెడను కూడా కొన్ని విడతలకొకసారి వేడిచేయకపోతే మూతి దగ్గర నిలువునా చీలుతుంది. ఆ వేడి అడుగుకు పాకితే మాత్రం గుల్ల ప్రమాదకరమవుతుంది. భుజాన్ని అవసరానికి మించి వెనక్కు నెట్టడం ఇంకా పెద్ద తప్పు. బోల్ట్ రైఫిల్‌కు అంగుళంలో వెయ్యింట రెండు వంతుల సర్దుబాటు సాధారణంగా సరిపోతుంది. అంతకు మించి నెడితే ప్రతి పేలుడుకూ గుల్ల ముందుకు సాగి, అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. వెలుపల మెరిసే వలయంగానూ, కొన వంచిన సన్నని తీగను లోపల పెట్టి గీకితే తగిలే గాడిగానూ అది బయటపడుతుంది. అలాంటి గుల్ల తరువాతి పేలుడులో రెండుగా విడిపోయే ప్రమాదం ఉంది. పొడవు 1.920 అంగుళాలు దాటనివ్వకుండా, 1.910కి కత్తిరించుకోవాలి.

దూరపు లక్ష్యాలకు కాలుస్తూ, మెడలు మెత్తబరచే ఏర్పాటు ఉండి, ప్రతి గుల్లనూ ఏరి ఇంటికి తెచ్చుకొనేవారికి లాపువా పెట్టిన డబ్బుకు గిట్టుబాటవుతుంది, అయితే ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి కావలసినన్ని ఒకేసారి కొనుక్కోవాలి. సాధనకు కాల్చేవారికి స్టార్‌లైన్ చిన్న ప్రైమర్ గుల్లలు చాలు, నేనిప్పుడు ఎక్కువగా వాడుతున్నవి అవే. మీ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పేల్చిన గుల్లలను తనంతట తానే గడ్డిలోకి విసిరేస్తుంటే లాపువా కొనడం దండగ. పనికిరావని తేల్చిన గుల్లలను డబ్బాలో అలాగే పడేయకుండా పటకారుతో మూతి నలిపేస్తే, అవి పొరపాటున మళ్లీ మంచివాటిలో కలిసే వీలుండదు. ప్రైమర్లు పేలినవని రూఢి చేసుకున్న తరువాత పాత ఇత్తడి కొనేవారికి ఇస్తే కొంత డబ్బు కూడా తిరిగి వస్తుంది.