జాగ్రత్త: ఆదివారం ఇల్లు చూసి అక్కడికక్కడే టోకెన్ ఇవ్వకండి, నా 38 వేలు అలాగే పోయాయి

నేను జూలై ఆఖరున ఖాళీ చేసిన ఇంటికి మళ్ళీ టు-లెట్ బోర్డు పెట్టారు. పోయిన వారం అక్కడి వాచ్‌మన్ భార్య ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం ఒకమ్మాయి ఒక్కతే వచ్చి చూసి వెళ్ళిందట, సాయంత్రమే డబ్బులు కూడా వేసిందట. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, ఆమెకి చెప్పే దారి కూడా లేదు. కనీసం ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఒంటరిగా ఇల్లు వెతుక్కుంటున్న మిగతావాళ్ళకైనా పనికొస్తుందని జరిగినదంతా రాస్తున్నాను.

మాది ఖమ్మం. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లోపల. మొదటి ఏడాదిన్నర మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో హాస్టల్లో ఉన్నాను. గదికి ముగ్గురం. అమ్మ ఊరి నుంచి వస్తే ఒక్క రాత్రి ఉంచుకోవడానికి కూడా వీల్లేదు. ఆ బాధతోనే 2025 జనవరిలో సింగిల్ బెడ్‌రూమ్ వెతకడం మొదలుపెట్టాను. ఆఫీసుకి దగ్గరగా ఉండాలి, అద్దె ఇరవై వేల లోపు ఉండాలి, రాత్రి కాల్స్ అయ్యాక లేటుగా వచ్చినా ఎవరూ ప్రశ్నలు వేయకూడదు. నేను అడిగింది అంతే.

కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో ఫోన్ చేసిన ప్రతి చోటా మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" బ్యాచిలర్ అనగానే ఫోన్ పెట్టేసేవారు. మణికొండ వైపు మాత్రం ఒకాయన "అమ్మాయిలైతే మాకేం ప్రాబ్లం లేదమ్మా, వచ్చి చూసుకోండి" అన్నారు. ఆ ఒక్క మాటకే నా మనసు సగం మెత్తబడిపోయింది. పది చోట్ల కాదనిపించుకున్నాక ఎవరైనా రమ్మంటే చాలనిపిస్తుంది. మనల్ని ముంచేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్ళాను. ఇంటి నుంచి ఆఫీసు గేటు దాకా స్కూటీ మీద వెళ్ళి చూశాను, పన్నెండు నిమిషాలు పట్టింది. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. వెలుతురు బాగుంది, మూడో అంతస్తు, చిన్న బాల్కనీ. అద్దె 19 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, అడ్వాన్స్ రెండు నెలలు. "సాయంత్రం ఇంకో ఇద్దరు చూడ్డానికి వస్తున్నారు, మీకు ఓకే అయితే టోకెన్ వేసెయ్యండి" అన్నారు. అక్కడే నిలబడి 5 వేలు ఫోన్‌లో పంపించాను. మిగతా 33 వేలు ఆ వారంలోనే ఇచ్చాను. చూపించిన బ్రోకర్‌కి సగం నెల అద్దె, 9,500, అదనం.

ఆదివారం పొద్దున మణికొండ వేరు, మంగళవారం పొద్దున మణికొండ వేరు. అది మొదటి వారంలోనే తెలిసింది. ఎనిమిదీ నలభై ఐదుకి బయల్దేరితే మర్రిచెట్టు జంక్షన్ ట్రాఫిక్‌లోనే ఆగిపోయేదాన్ని. ఆ తర్వాత ఖాజాగూడ. పన్నెండు నిమిషాల దారి నలభై, నలభై ఐదు నిమిషాలు అయ్యేది. జూన్‌లో ఒక సాయంత్రం వాన పడితే ఇంటికి చేరడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. స్కూటీ వదిలి ఆటో బుక్ చేస్తే, మా సందు లొకేషన్ చూసి డ్రైవర్లు క్యాన్సిల్ చేసేవారు.

ఇక్కడే మెట్రో గురించి కూడా ఒక మాట. "మెట్రో దగ్గరే" అని ప్రకటనల్లో రాస్తారు. బ్లూ లైన్‌లో ఇటువైపు చివరి స్టేషన్ రాయదుర్గం, 2019 నవంబరులో మొదలైంది. అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లోపలికి మెట్రో లేదు. షటిలో, ఆటోనో, బస్సో పట్టుకోవాల్సిందే. ఆఫీసు హైటెక్ సిటీలోనో రాయదుర్గంలోనో అయితే మెట్రో వెంబడి ఎంత దూరంలో ఉన్నా పరవాలేదు. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, కేపీహెచ్‌బీ నుంచి వచ్చే నా టీమ్‌మేట్స్ నాకంటే దూరంలో ఉండి కూడా నాకంటే ప్రశాంతంగా రాయదుర్గం దాకా వచ్చేవారు. నానక్‌రామ్‌గూడ, గౌలిదొడ్డి, కోకాపేట ఆఫీసుల వాళ్ళు మాత్రం స్టేషన్ నుంచి ఆఫీసుకి ఎలా వెళ్తారో ముందు లెక్క వేసుకోండి, ఇల్లు ఆ తర్వాత.

ట్రాఫిక్‌ని ఎలాగో భరించవచ్చు. నీళ్ళు లేకుండా మాత్రం ఉండలేం.

హైదరాబాద్‌లో ఇల్లు చూసే ప్రతివాళ్ళూ "మంజీరా ఉందా?" అని అడుగుతారు. మంజీరా అంటే ఇక్కడ వాటర్ బోర్డు కుళాయి నీళ్ళు అని అర్థం, వచ్చేది కృష్ణ నీళ్ళైనా గోదావరి నీళ్ళైనా సరే. నేనూ అడిగాను. "ఉందమ్మా, బోరు కూడా ఉంది" అన్నారు. నిజమే, కనెక్షన్ ఉంది. అది ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, ఎన్ని ఫ్లాట్లు పంచుకుంటాయి అని నేను అడగలేదు. మా బిల్డింగులో ఇరవై ఇళ్ళు. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు గంటసేపు వచ్చి సంప్‌లో పడేవి. తాగడానికీ వంటకీ సరిపోయేవి, అంతే. స్నానానికి, బట్టలకి, మిగతా అన్నిటికీ బోరు. మార్చి మూడో వారంలో ఆ బోరు ఎండిపోయింది.

ఇక ట్యాంకర్లు. మొదట వారానికి రెండు, మే వచ్చేసరికి రోజుకొకటి. ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలవదట, వేరుగా పంచుతారట. ఏప్రిల్‌లో నా వాటా 1,800 వచ్చింది, మేలో 2,400. ఒక్కదాన్నే ఉంటాను, రోజంతా ఆఫీసులో ఉంటాను, అయినా నలుగురున్న ఇంటితో సమానంగా కట్టమన్నారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రమే నీళ్ళు వదిలేవారు. నేను పదకొండింటికి ఇల్లు చేరితే బకెట్లో పట్టి పెట్టుకున్న నీళ్ళే గతి. రెండు రోజులు తలస్నానం చేయకుండా ఆఫీసుకి వెళ్ళాను. ఆ రెండు రోజులూ ఏడుపొచ్చింది.

వాచ్‌మన్ భార్య అప్పుడు అన్న మాట మర్చిపోలేను. "ఎండాకాలం వస్తే ఏటా గిదే తిప్పల అమ్మా. నువ్వు ఇల్లు చూడనీకి వచ్చిన రోజు నన్ను అడుగుతవేమో అనుకున్న." నిజంగానే ఆమె ఆ రోజు గేటు పక్కన బట్టలు ఆరేస్తూ నిలబడి ఉంది. నేను ఆమె వంక కూడా చూడకుండా లిఫ్ట్ ఎక్కాను. దయచేసి మీరు అలా చేయకండి. ఇల్లు చూపించేవాళ్ళు వెళ్ళిపోయాక ఒక పది నిమిషాలు ఉండి వాచ్‌మన్ ఇంట్లోవాళ్ళని, సందు మొదట్లో కిరాణా కొట్టు ఆయన్ని, ఇస్త్రీ బండి దగ్గర అడగండి. "నీళ్ళు బాగుంటాయా?" అని అడిగితే బాగుంటాయనే చెప్తారు. "పోయిన మేలో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి?" అని అడగండి. దానికి నిజమే చెప్తారు.

"అమ్మాయిలైతే ప్రాబ్లం లేదు" అన్న మాట కూడా నెల దాటలేదు. అసోసియేషన్ రూల్ అని చెప్పి రాత్రి పదిన్నరకి గేటుకి తాళం వేసేవారు. నా కాల్స్ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. ప్రతి రాత్రీ వాచ్‌మన్ అన్నని నిద్ర లేపాల్సి వచ్చేది. మా తమ్ముడు పరీక్ష రాయడానికి వచ్చి రెండు రోజులు ఉంటే, కింద ఫ్లోర్ అంకుల్ పిలిచి "వాడు నిజంగా మీ తమ్ముడేనామ్మా?" అని అడిగారు. దీని గురించి ఎక్కువ రాయలేను, ఇప్పటికీ కోపం వస్తుంది. అద్దెకి ఇచ్చేవాళ్ళు ఏం చెప్పినా, అసోసియేషన్ రూల్స్ వాట్సాప్‌లో పంపమని ముందే అడగండి.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు పోయిన తీరు.

ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరానికి ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) వివరాలు అడిగారు. నేను పాత పన్ను పద్ధతిలోనే ఉన్నాను. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. నాకు ఇల్లు ఇచ్చినాయన్ని అడిగితే "సార్ బిజీగా ఉన్నారు, ఇప్పిస్తా" అంటూ వాయిదా వేశారు. "సార్" ఎవరు అని నాకు అప్పటికి గట్టిగా అనుమానం రాలేదు. అగ్రిమెంట్ మీద సంతకం ఈయనదే, ప్రతి నెలా అద్దె వెళ్ళేది ఈయన అకౌంట్‌కే. కానీ కరెంటు బిల్లు మీద పేరు వేరే ఉంది. ఆ బిల్లు ప్రతి నెలా నేనే నా ఫోన్‌లో కట్టాను. పేరు ప్రతి నెలా కళ్ళ ముందు కనిపించింది, చుట్టాలెవరో అనుకుని ఊరుకున్నాను.

జూన్ ఆఖరున ఇక నావల్ల కాదని నెల రోజుల నోటీస్ ఇచ్చాను. అప్పుడు అగ్రిమెంట్ తీసి చూపించారు. పదకొండు నెలల లాక్-ఇన్ ఉందట, ముందే వెళ్తే ఒక నెల అడ్వాన్స్ పోతుందట. రెండో నెల అడ్వాన్స్ పెయింటింగ్ కింద పోయిందట. ఆరు నెలలు ఉన్న సింగిల్ బెడ్‌రూమ్‌కి 19 వేల పెయింటింగ్! రంగులు వేశారా అంటే, వేయలేదని వాచ్‌మన్ భార్య చెప్పింది.

మూడో పేజీలో ఆ లాక్-ఇన్ మాట ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టాను, అది నా తప్పే. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాయడం ఇక్కడ మామూలు. అయితే పదకొండు నెలల అగ్రిమెంట్ అంటే పదకొండు నెలలూ ఉండి తీరాలని కాదు. అలా కట్టేసేది లాక్-ఇన్ క్లాజే. ఆ ఒక్క క్లాజ్ తీసేయమని అడిగే హక్కు సంతకానికి ముందు మనకి ఉంటుంది, తర్వాత ఉండదు.

ఖాళీ చేసే ముందు పై ఫ్లోర్ ఆంటీ ద్వారా అసలు ఓనర్ నంబర్ దొరికింది. ఆయన ఉండేది పుణెలో. నేను చెప్పిందంతా విని కాసేపు మాట్లాడలేదు. "నాకు అతను ఇచ్చేది పదిహేను వేలేనమ్మా. అడ్వాన్స్ తీసుకున్నట్టు కూడా నాకు తెలియదు" అన్నారు. అంటే నా నుంచి పంతొమ్మిది తీసుకుని, నెలనెలా నాలుగు వేలు మధ్యలో ఉంచుకున్నారు. నాకు ఇల్లు ఇచ్చినాయన కూడా కాగితం మీద ఒక అద్దెదారుడే. ఓనర్ నాతో మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆయన చేతికి అందని డబ్బు ఆయన్నెలా ఇవ్వమంటాను? నోటీస్ పంపిద్దామని ఒక లాయర్‌ని కలిశాను. సంతకం నీదే కదా, వచ్చేదానికంటే తిరిగే ఖర్చే ఎక్కువవుతుంది అన్నారు. నేను అక్కడితో ఆగిపోయాను. ఆగిపోయినందుకు ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంది.

అందుకే అడుగుతున్నాను. టోకెన్ రూపాయి అయినా వేసే ముందు మూడు పేర్లు కలవాలి: కరెంటు బిల్లు మీద పేరు, ఇంటిపన్ను రసీదు మీద పేరు, మీరు డబ్బు పంపే అకౌంట్ పేరు. కలవకపోతే అసలు ఓనర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడించమనండి. ఓనర్ అమెరికాలో ఉండి వేరేవాళ్ళు చూసుకోవడం ఈ ఊళ్ళో మామూలే, అందులో తప్పు లేదు. నిజంగా ఓనర్ తరఫున ఉన్నవాళ్ళు పది నిమిషాల్లో కాల్ కలుపుతారు. పాన్ కూడా అప్పుడే అడగండి.

ఇల్లు చూడడానికి మొదటిసారి ఆదివారం వెళ్ళినా పరవాలేదు. రెండోసారి మాత్రం పనిరోజున, మీరు ఆఫీసుకి బయల్దేరే టైముకే వెళ్ళండి. వీలైతే మూడోసారి రాత్రి పదిన్నరకి, మెయిన్ రోడ్డు నుంచి ఆ సందులోకి నడిచి చూడండి. దీపాలు ఉన్నాయా, కొట్లు తెరిచి ఉన్నాయా, కుక్కలు గుంపుగా ఉన్నాయా, అన్నీ తెలుస్తాయి. "ఈలోపు వేరేవాళ్ళు తీసుకుంటారు" అంటే తీసుకోనివ్వండి. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి వైపు సింగిల్ బెడ్‌రూమ్‌లు అయిపోయేవి కావు.

ఇరుకు సందుల్లో కొత్తగా లేచిన సన్నటి బిల్డింగుల గురించి కూడా చెప్పాలి. అద్దె తక్కువని మావాళ్ళు చాలామంది అలాంటి వాటిలో దిగుతున్నారు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్ నగర్‌లో పక్క స్థలంలో గుంత తవ్వితే ఒక బిల్డింగు ఒరిగిపోయింది, తర్వాత దాన్ని కూల్చేశారు. పక్కన ఖాళీ స్థలం ఉందంటే అక్కడ రేపు ఏం కడతారో అడగండి.

ఇంకో మోసం, నా స్నేహితురాలికి జరిగింది. ఇల్లు చూడకుండానే ఫోన్‌లో మాట్లాడి, "ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ మీద వెళ్తున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీ అడ్వాన్స్ మీకే తిరిగొస్తుంది" అని చెప్పి 12 వేలు లాగేశారు. డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఇలా పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు నేను గచ్చిబౌలి టెలికాం నగర్‌లో ఇంకో అమ్మాయితో కలిసి రెండు బెడ్‌రూమ్‌ల పాత ఇంట్లో ఉంటున్నాను. నా వాటా 14 వేలు. ఓనర్ ఆంటీ కిందే ఉంటారు. మొదటి రోజే మూడేళ్ళ ఇంటిపన్ను రసీదులు తెచ్చి చూపించారు, అగ్రిమెంట్‌లో లాక్-ఇన్ లైన్ నా ముందే కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. బాల్కనీ లేదు. అమ్మ పోయిన నెల వచ్చి వారం రోజులు ఉండి వెళ్ళింది.

ఇప్పటికే టోకెన్ వేసి ఉంటే, ఇంకా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకపోతే, ఆ కాగితం ఫొటో తీసి మీ ఇంట్లోవాళ్ళకో, కాస్త తెలిసిన స్నేహితులకో ఈ రాత్రే పంపించండి. పోయేది 5 వేలైతే అక్కడితో వదిలేసుకోండి. నేను ఆ 5 వేలు పోతాయన్న భయంతోనే మిగతా 33 వేలూ ఇచ్చాను.